ఎండనూ నేలనూ చదివిన ఆచార్యుడు

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు పరిసరాలలో పత్తి, మిరప ప్రధానమైన పంటలు. ఊరి పేరులోనే పత్తి ఉన్నది. అక్కడ కోసిన మిరపకాయలను కల్లాలలో పరచి ఎండబెడతారు. వేసవిలో పంట తీసిన నల్లరేగడి నేల నెర్రెలు విచ్చి నిర్జీవంగా కనిపిస్తుంది. కాయను ఎండబెట్టి, నేలను బీటలు వారేట్లు చేయడంతో ఎండ పని ముగిసిపోతుందా? దున్ని వదిలిన మట్టిమీద పడే సూర్యకాంతి ఆ మట్టిలో రసాయనిక మార్పులు తేగలదా? పైరుకు ఆహారమైన నత్రజనికీ ఆ కాంతికీ ఏదైనా సంబంధం ఉన్నదా? తరతరాలుగా ఎండనూ నేలనూ నమ్ముకొని బతికిన మన దేశంలో ఈ ప్రశ్నలను ప్రయోగశాలకు తీసుకువెళ్లి, వాటి సమాధానం కోసం జీవితంలో అధికభాగం వెచ్చించిన శాస్త్రవేత్త ఆచార్య నీలరతన్ ధర్.

భారతదేశంలో భౌతిక రసాయనశాస్త్రానికి పునాదులు వేసిన మహనీయులలో ఆయన అగ్రగణ్యులు. ఆయన వంగదేశీయులు, కర్మభూమి గంగా యమునల సంగమస్థానమైన అలహాబాదు. అయినప్పటికీ ఆయన పరిశోధనలలో మన తెలుగునాటికీ భాగం ఉన్నది. కాంతి సహాయంతో లోహ ఆక్సైడ్ పొడులు జరిపించే చర్యలను గురించి ఆయనతో కలిసి పరిశోధన చేసిన జి. గోపాలరావు అనంతర కాలంలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యులుగా ప్రసిద్ధి పొందారు.

నీలరతన్ ధర్ 1892 జనవరి 2వ తేదీన జెస్సోరులో జన్మించారు. ఆ పట్టణం నేడు బంగ్లాదేశ్‌లో ఉన్నది. తండ్రి ప్రసన్నకుమార్ ధర్ న్యాయవాది. ఉన్నత విద్యకై నీలరతన్ కలకత్తా చేరి ప్రెసిడెన్సీ కళాశాలలో చదివారు. ఆనాడు ఆ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించేవారు జగదీశ చంద్రబోసు. రసాయనశాస్త్రం బోధించేవారు ప్రఫుల్ల చంద్ర రే. ఇద్దరూ విదేశాలలో చదివి వచ్చి, స్వదేశంలోనే ఉన్నతశ్రేణి పరిశోధన సాధ్యమని నిరూపించినవారు. ప్రఫుల్ల చంద్ర రే శిష్యులను కన్నబిడ్డలవలె చూసుకొనేవారు. తాను నిరాడంబరంగా జీవిస్తూ, సంపాదించినదంతా విద్యకూ విజ్ఞానానికీ ధారపోసిన త్యాగధనులాయన. అటువంటి గురువు నీడలో నీలరతన్ పరిశోధకుడుగా రూపొందారు.

రే పేరు శాస్త్రలోకంలో నైట్రైట్లు అనే లవణాలతో ముడిపడి ఉన్నది. నత్రజని, ఆక్సిజన్ కలిసి ఏర్పడే ఈ లవణాలలో అమ్మోనియం నైట్రైట్ అనేది ఎంతో అస్థిరమైనది. కొద్దిపాటి వేడికే విచ్ఛిన్నమై నత్రజని వాయువుగా, నీరుగా మారిపోతుంది. నైట్రైట్ ద్రావణాల విద్యుద్వాహకతను గురించి రే, ధర్ కలిసి చేసిన పరిశోధన 1913లో లండన్ కెమికల్ సొసైటీ పత్రికలో వెలువడింది. అప్పటికి ధర్ వయస్సు ఇరవైయొక్క సంవత్సరాలు. విద్యార్థిదశలో చేతికి వచ్చిన ఈ నైట్రైట్లే తరువాతి కాలంలో పంటపొలాల మట్టిలో మళ్లీ ఆయనకు ఎదురయ్యాయి.

1915లో ప్రభుత్వ విద్యార్థి వేతనంతో ధర్ ఇంగ్లండు వెళ్లారు. మొదటి ప్రపంచయుద్ధం జరుగుతున్న కాలమది. లండన్‌లో 1917లోనూ, పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో 1919లోనూ ఆయన డాక్టరేట్ పట్టాలు పొందారు. ఆ రోజులలో ఆయన మనస్సును ఆకర్షించిన విషయం ఉత్ప్రేరణ. తాను వ్యయం కాకుండా ఇతర పదార్థాల మధ్య చర్యను వేగవంతం చేసే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. ఇరుపక్షాల మధ్య సంబంధం కుదిర్చి, తాను పక్కకు తప్పుకొని, మరొక సంబంధం చూడబోయే పెళ్లిళ్ల పేరయ్య వంటిది ఉత్ప్రేరకం. ఉష్ణోగ్రత పెరిగితే చర్యావేగం ఎట్లా మారుతుంది, ఉత్ప్రేరకం కలిపితే ఎట్లా మారుతుంది అన్న విషయాలను ధర్ శ్రద్ధగా పరిశీలించారు.

స్వదేశానికి తిరిగివచ్చి 1919లో అలహాబాదులోని మ్యూర్ సెంట్రల్ కళాశాలలో ఆచార్యపదవి స్వీకరించారు. ఆ కళాశాల కొద్దికాలానికే పునర్వ్యవస్థీకృతమైన అలహాబాదు విశ్వవిద్యాలయంలో అంతర్భాగమైంది. 1923లో మేఘనాథ్ సాహా కూడా భౌతికశాస్త్ర ఆచార్యులుగా అక్కడికి రావడంతో ఆ విశ్వవిద్యాలయం విజ్ఞానశాస్త్రాలకు గొప్ప కేంద్రంగా మారింది. ధర్ వద్ద పరిశోధన చేసి పేరు తెచ్చుకొన్నవారిలో, గాజు పరిశ్రమకు విశేషసేవ చేసిన ఆత్మారామ్ ఒకరు.

ధర్ అలహాబాదులో కనుగొన్న గొప్ప పరికరం సూర్యుడే. ఐరోపాలో కాంతి రసాయనశాస్త్రజ్ఞులు ఎక్కువగా పాదరసపు దీపాలమీద ఆధారపడవలసి వచ్చేది. ఉత్తర భారతదేశంలోనో, సంవత్సరంలో అధికభాగం ప్రచండమైన ఎండ ఉచితంగా లభిస్తుంది. గాజు పాత్రలలో ద్రావణాలను ఎండలో ఉంచి, అటువంటివే మరికొన్ని పాత్రలను వెలుతురు సోకకుండా చీకటిలో ఉంచి, రెండింటి ఫలితాలనూ పోల్చి చూడవచ్చు. కాంతి వలన కలిగే రసాయనిక చర్యలను గురించి ఆయన రచించిన గ్రంథం 1931లో బ్రిటన్‌లో అచ్చయింది. ఆ సంవత్సరమే గోపాలరావుతో కలిసి ఆయన చేసిన ఒక ముఖ్య పరిశోధన నేలశాస్త్ర పత్రికలో ప్రకటితమైంది. దాని ప్రాముఖ్యం తెలియాలంటే నత్రజని సమస్యను కొంత అర్థం చేసుకోవాలి.

మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజని. అయినా పైరు ఆ నత్రజనిని నేరుగా వాడుకోలేదు. గాలిలోని నత్రజని అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా పెనవేసుకొని ఉంటాయి. ఆ బంధాలు తెగి, అమ్మోనియాగానో నైట్రేట్‌గానో మారితేనే నత్రజని వేరుకు అందుతుంది. చుట్టూ సముద్రం ఉన్నా తాగడానికి చుక్క నీరు లేని నావికుని స్థితి మొక్కది. 1909లో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ నత్రజనినీ హైడ్రోజన్‌నూ కలిపి అమ్మోనియా తయారుచేసే మార్గం చూపారు. కార్ల్ బాష్ దానిని 1913 నాటికి పరిశ్రమస్థాయికి తెచ్చారు. ఇనుము ఉత్ప్రేరకంగా, దాదాపు 400 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వేడిలో, వాతావరణ పీడనానికి వందల రెట్లు అధికమైన ఒత్తిడిలో జరిగే చర్య అది. నేడు మన రైతులు వాడే యూరియాకు మూలం ఆ అమ్మోనియాయే. అయితే 1930 ప్రాంతాలలో భారతదేశపు సామాన్యరైతుకు కృత్రిమ ఎరువు అందని ద్రాక్షపండు. పశువుల పేడ, ఆకు, పప్పుజాతి పైర్లు మాత్రమే అతనికి దిక్కు. కాబట్టి ఈ దేశపు నేలలోకి నత్రజని ఎట్లా వస్తుంది, ఎట్లా పోతుంది అన్నది కేవలం పాండిత్యచర్చ కాదు; కోట్లమంది అన్నానికి సంబంధించిన ప్రశ్న.

మట్టిలో అమ్మోనియా నైట్రేట్‌గా మారడాన్ని నత్రీకరణం అంటారు. ఈ పని కొన్ని సూక్ష్మజీవుల వలన జరుగుతుందని రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో నిరూపించారు. అప్పటినుంచి దానిని పూర్తిగా సూక్ష్మజీవుల పనిగానే భావించేవారు. ధర్, గోపాలరావు మరొక అవకాశాన్ని పరీక్షించారు. అమ్మోనియా, అమ్మోనియం లవణాల ద్రావణాలలో టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ వంటి పొడులను కలిపి సూర్యకాంతిలో ఉంచారు. అమ్మోనియా ఆక్సీకరణం చెంది నైట్రైట్ ఏర్పడుతున్నట్లు గుర్తించారు. ఇటువంటి ఆక్సైడ్లు మట్టిలో సహజంగానే ఉంటాయి. కనుక ఎండ తీవ్రంగా ఉండే దేశాలలో మట్టి పైపొరలో సూక్ష్మజీవులతోపాటు కాంతి కూడా నత్రీకరణంలో పాలుపంచుకొంటుందని ధర్ ప్రతిపాదించారు.

ఆ తెల్లని పొడి కాంతిలో చేసే పని ఏమిటో నేడు మనం స్పష్టంగా వివరించగలం. టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ అర్ధవాహకాలు. వాటిలో ఎలక్ట్రాన్లు సామాన్యంగా దిగువ శక్తిస్థాయిలో కట్టుబడి ఉంటాయి. తగినంత శక్తిగల కాంతి తగిలినప్పుడు ఒక ఎలక్ట్రాన్ ఎగువ స్థాయికి చేరుతుంది. అది విడిచిన ఖాళీకి రంధ్రమని పేరు. రంధ్రం ఎదుటి పదార్థంనుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కొంటుంది. అంటే ఆక్సీకరణం చేస్తుంది. పైకి చేరిన ఎలక్ట్రాన్ ఆక్సిజన్ వంటి మరొక పదార్థానికి అందుతుంది. పొడి మాత్రం యథాతథంగా మిగిలిపోతుంది. దీనినే కాంతి ఉత్ప్రేరణ అంటున్నాం. 1931 నాటికి అర్ధవాహకాల ఆంతర్యాన్ని వివరించే సిద్ధాంతం అప్పుడప్పుడే రూపుదిద్దుకొంటున్నది. కారణం పూర్తిగా తెలియక ముందే ధర్, గోపాలరావు కార్యాన్ని కళ్లారా చూశారు.

ఈ పరిశోధనలోనే రైతుకు హెచ్చరిక వంటి మరొక విషయం దాగి ఉన్నది. కాంతి వలన మట్టిలో నైట్రైట్ ఏర్పడి, అది మిగిలిన అమ్మోనియాతో కలిస్తే అమ్మోనియం నైట్రైట్ వస్తుంది. కలకత్తాలో గురువుగారి వద్ద పరిచయమైన ఆ అస్థిర లవణం విచ్ఛిన్నమై నత్రజని వాయువు గాలిలో కలిసిపోతుంది. నేలకు వేసిన ఎరువులో కొంత ఈ విధంగా కూడా నష్టమవుతున్నదని ధర్ వాదించారు. నత్రజని నష్టానికి ఇతర కారణాలు కూడా ఉన్నాయని తరువాతి శాస్త్రం తెలిపింది. పైపాటుగా చల్లి మట్టి కప్పకుండా వదిలిన యూరియానుంచి అమ్మోనియా ఆవిరై పోవడం వాటిలో ఒకటి. నష్టం ఏ దారిన జరిగినా, ఎరువు నేలమీద ఎండకు పడి ఉండరాదన్న జాగ్రత్త మాత్రం నేటి మిరప రైతుకూ వర్తిస్తుంది.

ధర్ అక్కడితో ఆగలేదు. 1941లో ఇ.వి. శేషాచార్యులు, ఎన్.ఎన్. బిశ్వాస్‌లతో కలిసి ప్రకటించిన పత్రంలో మరింత సాహసోపేతమైన ప్రతిపాదన చేశారు. పేడ, గడ్డి, చెరకు మడ్డి వంటి కర్బన పదార్థాలు మట్టిలో నెమ్మదిగా ఆక్సీకరణం చెందేటప్పుడు శక్తి విడుదల అవుతుందనీ, ఆ శక్తితో గాలిలోని నత్రజని మట్టిలో స్థిరపడుతుందనీ, సూర్యకాంతి తోడైతే ఆ పని అధికమవుతుందనీ ఆయన భావించారు. ఇదే నిజమైతే, వందల డిగ్రీల వేడిలో కర్మాగారం చేసే పనిని పేదరైతు పొలం తన ఎండతో, తన చెత్తతో తానే చేసుకోగలదన్నమాట. ఆ ఊహ ఎంత మనోహరమైనదో, దానిని నిరూపించడం అంత కష్టమైనది.

అనేకమంది నేలశాస్త్రజ్ఞులకు ఈ వాదం రుచించలేదు. వారి సందేహాలు అకారణమైనవి కావు. కాంతి మట్టిలోకి చొచ్చుకొనిపోయే లోతు అత్యల్పం. పొలంలో నత్రజనిని స్థిరపరచగల సూక్ష్మజీవులు ఎన్నో ఉంటాయి. వాటి పనినీ కాంతి పనినీ వేరుచేయడం సులభం కాదు. గాలి, ధూళి, వానలద్వారా కూడా మట్టికి కొంత అమ్మోనియా చేరుతూనే ఉంటుంది. మట్టిలో ఉన్న మొత్తం నత్రజనితో పోలిస్తే కొత్తగా వచ్చినది అత్యల్పం కాబట్టి కొలతలో చిన్న తేడా వచ్చినా నిర్ణయం తలకిందులవుతుంది. ధర్ ఈ విమర్శలకు వెరవలేదు. సూక్ష్మజీవులను నశింపజేసిన మట్టితోనూ ఆయన బృందం ప్రయోగాలు చేసింది. అయినా ఆయన జీవితకాలంలో ఈ వివాదం పరిష్కారం కాలేదు.

ఆయన దృష్టి ప్రయోగశాల గోడలకు పరిమితం కాలేదు. ఉత్తర భారతదేశంలో ఊసరక్షేత్రాలు విస్తారంగా ఉన్నాయి. క్షారం పేరుకొని గడ్డి కూడా మొలవని చవుడు నేలలవి. చక్కెర మిల్లులు వృథాగా పారబోసే మడ్డిని ఆ నేలలకు వేసి బాగుచేయవచ్చునని ఆయన చూపారు. గడ్డి, పేడలతోపాటు భాస్వరం గల ఉక్కు పరిశ్రమ చిట్టెమును పొలాలకు వాడవలసిందని ప్రబోధించారు. మట్టి పరిశోధనకోసం 1930వ దశకంలో అలహాబాదులో స్వార్జితంతో ఒక సంస్థను నెలకొల్పారు. సహధర్మచారిణి షీలా పేరుతో అది షీలా ధర్ మృత్తికా విజ్ఞాన సంస్థగా ప్రసిద్ధమైంది. గురువు ప్రఫుల్ల చంద్ర రే వలెనే ఈ శిష్యుడూ తన సంపాదనను విజ్ఞానసేవకు అర్పించారు. 1961లో రూర్కీలో జరిగిన భారత విజ్ఞాన కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించినప్పుడు కూడా ఆయన నత్రజని సమస్యనే ప్రసంగవిషయంగా ఎన్నుకొన్నారు. తొంభై నాలుగేళ్ల నిండు జీవితం గడిపి 1986లో ఆయన పరమపదించారు.

ఆయన జీవించి ఉండగానే, ఆయన వాడిన ఆ తెల్లని పొడి ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా ఒక పక్క టైటానియం డయాక్సైడ్‌ను, మరొక పక్క ప్లాటినంను నీటిలో ఉంచి, రెండింటినీ తీగతో కలిపారు. కాంతి పడగానే నీరు విడిపోయి టైటానియం డయాక్సైడ్ వద్ద ఆక్సిజన్, ప్లాటినం వద్ద హైడ్రోజన్ వెలువడ్డాయి. అర్ధవాహకమూ లోహమూ జతకూడిన ఈ ఏర్పాటును తరువాతివారు ఒకే రేణువుమీదికి కుదించారు. 1978లో అమెరికాలో క్రాయిట్లర్, బార్డ్ అనేవారు కాంతినే సాధనంగా చేసుకొని టైటానియం డయాక్సైడ్ రేణువులమీద ప్లాటినం నలుసులను నిలిపారు.

ఆ లోహపు నలుసుల అవసరమేమిటి? అర్ధవాహకంలో కాంతి పైకి లేపిన ఎలక్ట్రాన్ ఎక్కువసేపు పైన నిలవదు. ఉపయోగపడకముందే తిరిగి రంధ్రంలో పడిపోతుంది. చిల్లుబొక్కెనతో చేదిన నీరు మళ్లీ బావిలోకే కారిపోయినట్లు, గ్రహించిన కాంతి అంతా వృథాగా వేడిగా మారిపోతుంది. ప్లాటినం, వెండి, బంగారం వంటి లోహాల అతిసూక్ష్మ కణాలు ఆ రేణువుకు అంటి ఉంటే, అవి చేదిన నీటిని వెంటనే అందుకొనే తొట్టివలె ఎలక్ట్రాన్లను అందుకొంటాయి. ఎలక్ట్రాన్ లోహంమీద, రంధ్రం అర్ధవాహకంలో వేరువేరుగా నిలిచి, వేటి పని అవి చేస్తాయి. ఈ కణాల పరిమాణం కొన్ని నానోమీటర్లు మాత్రమే. మీటరును వందకోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. కణం ఎంత చిన్నదైతే, అదే బరువు లోహానికి అంత ఎక్కువ ఉపరితలం లభిస్తుంది. విలువైన లోహం చిటికెడు చాలుతుంది. మరొక ప్రయోజనం కూడా ఉన్నది. టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కాంతిని మాత్రమే గ్రహిస్తుంది. భూమిని చేరే సూర్యశక్తిలో అది సుమారు 5 శాతం. బంగారు, వెండి నానో కణాలైతే కంటికి కనిపించే వెలుగును కూడా గ్రహించి, ఆ శక్తిలో కొంత అర్ధవాహకానికి అందించగలవు.

ఈ మార్గంలో నత్రజని సమస్య కూడా మళ్లీ ముందుకు వచ్చింది. 1977లో ష్రౌట్సర్, గుత్ అనే శాస్త్రవేత్తలు కొద్దిగా ఇనుము కలిపిన టైటానియం డయాక్సైడ్‌మీద నత్రజని, నీటి ఆవిరి, కాంతి కలిసినప్పుడు అతిస్వల్పంగా అమ్మోనియా ఏర్పడిందని ప్రకటించారు. 1983లో ష్రౌట్సర్ బృందం ఎడారి ఇసుకలతో, సూక్ష్మజీవులు లేని స్థితిలో, అటువంటి ఫలితాన్నే తెలిపింది. ధర్ ప్రతిపాదనకు ఇది కొంత ఊరట. అయితే నేటికీ ఈ చర్య దిగుబడి అత్యల్పం. గాలిలోనూ నీటిలోనూ పాత్రలలోనూ ముందే ఉన్న అమ్మోనియా ఫలితాలను తప్పుదారి పట్టించవచ్చునని నేటి పరిశోధకులు జాగ్రత్తపడుతున్నారు. నత్రజని-15 అనే భారమైన ఐసోటోపును గుర్తుగా వాడి, వచ్చిన అమ్మోనియా నిజంగా గాలిలోని నత్రజనినుంచే వచ్చిందా అని నిర్ధారించుకొంటున్నారు. ధర్ ఎదుర్కొన్న సందేహమే నేడు పరిశోధనకు నియమంగా మారింది.

ధర్ చెప్పినదంతా నిలిచిందని చెప్పడం సత్యం కాదు; నిలవలేదని తోసివేయడమూ న్యాయం కాదు. నేలలో నత్రీకరణానికి ముఖ్యకారకాలు సూక్ష్మజీవులే. ఎండ ఒక్కటే పైరుకు కావలసిన నత్రజనిని సమకూర్చగలదని ఎవరూ నిరూపించలేదు. కాని లోహ ఆక్సైడ్ రేణువు కాంతిని గ్రహించి అమ్మోనియాను మార్చగలదని ఆయన, గోపాలరావు 1931లో చూపిన విషయం నేటి కాంతి ఉత్ప్రేరణ శాస్త్రానికి తొలి మెట్లలో ఒకటిగా నిలిచింది. ప్రపంచంలో ఖర్చయ్యే శక్తిలో ఒకటి రెండు శాతం అమ్మోనియా తయారీకే వినియోగమవుతున్న ఈ కాలంలో, ఎండతో ఎరువు చేయవచ్చునా అన్న ఆయన ప్రశ్న విలువ పెరిగిందే కాని తరగలేదు.

శాస్త్రవేత్త గొప్పతనం అతడు చెప్పిన సమాధానాలతో మాత్రమే కొలవదగినది కాదు. తన దేశపు నేలనుంచి, తన ప్రజల అవసరంనుంచి ప్రశ్నను గ్రహించి, దానిని ఇతరులు పరీక్షించడానికి వీలుగా నిలబెట్టడం కూడా గొప్పతనమే. ఖరీదైన యంత్రాలు లేవని ధర్ చింతించలేదు. గాజు పాత్ర, పిడికెడు మట్టి, తలమీద సూర్యుడు ఉంటే చాలునని పని ప్రారంభించారు. ఆయన మొదలుపెట్టిన లెక్క ఇంకా పూర్తికాలేదు. దానిని పూర్తిచేయగల చేతులు ఎండా నేలా తెలిసిన ఇటువంటి పల్లెలనుంచే, నేటి విద్యార్థులలోనుంచే రావచ్చును.